మన పేటలోకి కళాకారులు: ప్రజా కళా కార్యక్రమాల గురించి తెలుసుకోవలసినవి



కొంతకాలంగా మా సంఘం కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన ఉంది. దొడ్డబళ్ళాపురంలోని మగ్గాల పేటలో ఒక పొడవైన ప్రహరీ గోడ ఉంది. దాని మీద బొమ్మలు వేయించాలని, అందుకు కళాకారులను పిలిపించి కొన్నాళ్లు పేటలోనే ఉంచాలని మన యువకులు అడుగుతున్నారు. పెద్దల్లో కొందరు సరే అన్నారు. కొందరు "ఆ డబ్బుతో పిల్లలకు నోటు పుస్తకాలు కొనవచ్చు కదా" అన్నారు. ఇంకొందరు "తెలుగు సంఘం వేయించిన బొమ్మ అంటే రేపు ఊళ్లో ఎవరేమంటారో" అని సందేహించారు. మూడు మాటల్లోనూ న్యాయం ఉంది. సర్వసభ్య సమావేశంలో చేయి ఎత్తే ముందు అందరికీ విషయం తెలియాలి. అందుకే మేము సేకరించిన వివరాలను ఇక్కడ వరుసగా పెడుతున్నాము.

ప్రజా కళా కార్యక్రమం అంటే

మామూలుగా బొమ్మను చూడాలంటే మనం ప్రదర్శనశాలకు వెళ్తాం. ప్రజా కళలో బొమ్మే మన వీధిలోకి వస్తుంది. గోడ మీద చిత్రం, కూడలిలో శిల్పం, రైల్వే స్టేషన్‌లో చిత్రమాల, వీధి నాటకం, తోలుబొమ్మలాట అన్నీ ఇందులోకి వస్తాయి.

వీటిలో రెండు రకాలు ఉన్నాయి. మొదటి రకంలో ప్రభుత్వమో దాతో ఒక వస్తువు చేయించి ఊళ్లో నిలబెడతారు. చేసినవారికీ ఊరివారికీ పరిచయం ఉండదు. రెండో రకంలో కళాకారుడు ఊళ్లోకి వచ్చి కొన్ని వారాలో నెలలో ఉంటాడు. అరుగుల మీద కూర్చుని మాట్లాడతాడు, పిల్లలకు నేర్పుతాడు, ఊరివారు చెప్పిన దాన్ని బొమ్మగానో ఆటగానో మలుస్తాడు. పని పూర్తయ్యేసరికి అది ఊరివారి బొమ్మ కూడా అవుతుంది. మన యువకులు అడుగుతున్నది ఈ రెండో రకం. ఇది ఆలస్యంగా జరిగే పని. కానీ నిలిచేది ఎక్కువగా ఇదే.

ఇది మనకు కొత్త కాదు

పేరు కొత్తదే కానీ పని పాతదే. హరికథ దాసులు, తోలుబొమ్మలవారు, వీధి భాగవతులు ఊరూరా తిరిగి, ఊరి చావడిలోనో గుడి దగ్గరో బస చేసి, ఆ ఊరి సంగతులను కూడా ఆటలో కలుపుకొని ఆడినవారే. 1943లో ఏర్పడిన ఆంధ్ర ప్రజానాట్యమండలి బుర్రకథను పల్లెపల్లెకూ తీసుకువెళ్లింది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటక సమాజంలో కుటుంబాలకు కుటుంబాలే నాటకంగా బతికాయి.

మనకు దగ్గరలో రెండు ఉదాహరణలు ఉన్నాయి. మన ఊరి నుంచి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం రైలు ఎక్కితే, అక్కడి నుంచి లేపాక్షి 15 కిలోమీటర్లే. విజయనగర రాజుల కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన వీరభద్రాలయం పైకప్పు చిత్రాలను మనలో చాలామంది చూశారు. ఆ చిత్రాల్లోని చీరల అంచులను, లతా మండపం స్తంభాల మీది అల్లికలను చూసి నేతగాళ్లు చీరల మీదికి ఎక్కించుకున్నారు. గుడి గోడ మీది పని మగ్గం మీదికి వచ్చింది. ప్రజా కళ జనంలో కలవడమంటే ఇదే.

రెండోది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సినిమా, టీవీ వచ్చాక ఆటలు తగ్గి, ఇప్పుడు చాలామంది తోలుతో దీపాల తొడుగులు, అలంకరణ వస్తువులు చేసి బతుకుతున్నారు. కళాకారులను పిలవాలంటే దూరదేశం నుంచే పిలవాలని లేదు. మనకు ఇంత దగ్గరలోనే ఉన్నారు.

ప్రపంచంలో ఎలా నడిచింది

మెక్సికోలో విప్లవం తరువాత, 1920లలో ప్రభుత్వమే చిత్రకారులను పిలిచి ప్రభుత్వ భవనాల గోడలను అప్పగించింది. చదువు రాని జనం కూడా తమ చరిత్రను గోడ మీద చూడాలన్నది వారి ఆలోచన. డియెగో రివేరా పేరు అప్పుడే ప్రపంచానికి తెలిసింది. అమెరికాలో పెద్ద మాంద్యం వచ్చినప్పుడు, 1935 నుంచి 1943 వరకు, ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్ కింద పని లేని కళాకారులకు జీతమిచ్చి బడులు, ఆసుపత్రులలో పని చేయించారు. కళ కూడా కూలి పనే, దానికి కూలి ఇవ్వాలి అన్న మాట అక్కడ గట్టిపడింది.

ఫిలడెల్ఫియా నగరం 1959లో ఒక పద్ధతి పెట్టింది. పెద్ద కట్టడాల ఖర్చులో ఒక శాతం కళకు కేటాయించాలి. తరువాత ఎన్నో నగరాలు దాన్ని అనుసరించాయి. అదే నగరంలో 1984లో ఇంకొక పని మొదలైంది. గోడల మీద పిచ్చిగీతలు గీసే కుర్రవాళ్లను పట్టుకుని శిక్షించడానికి బదులు, జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణి వారికే కుంచెలు ఇచ్చి బొమ్మలు వేయించింది. అక్కడ ఇప్పటికి 4,000కు పైగా గోడ చిత్రాలు వచ్చాయి.

మాకు బాగా నచ్చినది న్యూయార్క్ సంగతి. 1977లో మియర్ల్ లాడర్‌మన్ యూకెలెస్ అనే కళాకారిణి నగర పారిశుద్ధ్య శాఖలో, జీతం లేకుండా, ఆస్థాన కళాకారిణిగా చేరింది. 1979, 1980లలో నెలల తరబడి తిరిగి 8,500 మంది పారిశుద్ధ్య కార్మికులతో ఒక్కొక్కరితో చేయి కలిపి, నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞత చెప్పింది. గోడ లేదు, రంగు లేదు. కళాకారుడు పేటలోకి రావడమంటే మొదట మనిషిని పలకరించడమే అని దాని వల్ల తెలుస్తుంది.

బెంగళూరులో జరిగినవి

మన ఊరికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరులో ఈ పనులు చాలా జరిగాయి. ముఖ్యమైనవి ఇవి.

చిత్రసంతె: 1960లో ఏర్పడిన కర్ణాటక చిత్రకళా పరిషత్తు 2003 నుంచి దీన్ని నడుపుతోంది. ఏటా జనవరిలో ఒక ఆదివారం కుమారకృపా రోడ్డులో వాహనాలు ఆపి, వెయ్యి మందికి పైగా చిత్రకారులు రోడ్డు పక్కన కూర్చుని తమ బొమ్మలు అమ్ముతారు. దళారీ లేడు. కొనేవాడు నేరుగా వేసినవాడితో మాట్లాడతాడు. మన ఘాటి సుబ్రహ్మణ్య జాతరలో పశువుల సంత ఎలాగో, ఇది బొమ్మలకు అలాగ.

బోర్డు పెయింటర్ల గోడలు: 2009లో బెంగళూరు మహానగర పాలికె నగరంలోని గోడల మీద కర్ణాటక దేవాలయాలు, యక్షగానం, అడవి జంతువులు వంటి బొమ్మలు వేయించింది. పోస్టర్లు అంటించడం, గోడల దగ్గర మూత్రం పోయడం ఆపడం దాని ఉద్దేశం. పని దొరికింది సినిమా బోర్డులు, దుకాణం బోర్డులు రాసేవారికి. ఫ్లెక్సులు వచ్చి వారి చేతిలో పని పోయిన రోజులవి. నేర్చుకున్న కళాకారులు కొందరు ఆ బొమ్మలు పర్యాటక శాఖ క్యాలెండర్లలా ఉన్నాయని పెదవి విరిచారు. ఆ విమర్శలో నిజం ఉండవచ్చు. అయినా కుంచె పట్టిన చేతికి కూలి దొరికిందన్నది కూడా నిజమే.

మెట్రో స్టేషన్లు: ఎం.జి. రోడ్డు మెట్రో కింద 2013లో రంగోలి మెట్రో ఆర్ట్ సెంటర్ తెరిచారు. 2014 నుంచి సృష్టి కళా విద్యాసంస్థ, మెట్రో సంస్థ కలిసి "ఆర్ట్ ఇన్ ట్రాన్సిట్" అనే కార్యక్రమం నడిపాయి. మొదట పీణ్య స్టేషన్‌లో, తరువాత కబ్బన్ పార్క్ స్టేషన్‌లో విద్యార్థులు, కళాకారులు పని చేశారు. ఈ సృష్టి సంస్థ ఉన్నది యలహంకలో. మనం బెంగళూరు వెళ్లే దారిలోనే.

అరవాని ఆర్ట్ ప్రాజెక్ట్: 2016లో పూర్ణిమా సుకుమార్ బెంగళూరులో ప్రారంభించారు. ట్రాన్స్‌జెండర్ మహిళలు, ఇతర కళాకారులు కలిసి వీధి గోడలకు బొమ్మలు వేస్తారు. ఏ వీధిలో తమను చూసి జనం మొహం తిప్పుకున్నారో, అదే వీధిలో పరంజా ఎక్కి పని చేస్తుంటే జనం ఆగి మాట్లాడతారు. బొమ్మ కంటే ఆ మాట ముఖ్యం అంటారు వారు.

బాదల్ నంజుండస్వామి: 2015 జూన్‌లో సుల్తాన్‌పాళ్య రోడ్డు మీది పెద్ద గుంతలో ఒక మొసలి బొమ్మను పెట్టిన చిత్రకారుడు ఈయనే. పత్రికల్లో వచ్చింది, గుంత పూడింది. 2019లో గుంతల రోడ్డు మీద చంద్రుడి మీద నడిచినట్లు నటించి తీసిన వీడియో దేశమంతా చూసింది. అర్జీలతో జరగని పని బొమ్మతో జరగవచ్చని ఆయన చూపించారు. ఆఫీసుల్లో అర్జీలు తీసుకునే వైపున ముప్పై ఏళ్లు కూర్చున్నవారు మా సంఘంలోనే ఉన్నారు. ఈ మాట ఒప్పుకోవడానికి మాకు సంకోచం లేదు.

ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్: ఈ సంస్థ కూడా బెంగళూరులోనే ఉంది. నగర పేటల మీద పని చేసే కళాకారులకు "ప్రాజెక్ట్ 560" అనే పేరుతో సహాయం చేసింది. బెంగళూరు పిన్‌కోడ్‌లోని మొదటి మూడు అంకెలే ఆ పేరు. "కలి-కలిసు" అనే కార్యక్రమం కింద కర్ణాటక ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులతో కళల ద్వారా చదువు చెప్పించే పని చేస్తోంది.

హైదరాబాదు, చెన్నై అనుభవాలు

2014లో ఏర్పడిన స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఢిల్లీలో లోధీ కాలనీ గోడలను బొమ్మలతో నింపింది. తరువాత 2016లో హైదరాబాదుకు వచ్చి ఖైరతాబాదు, రాజ్‌భవన్ ప్రాంతంలోని ఎం.ఎస్. మక్తలో పని చేసింది. ఇరుకు సందుల, దగ్గర దగ్గర ఇళ్ల బస్తీ అది. ఇళ్ల యజమానుల అనుమతితో వారి గోడల మీదే దేశ విదేశాల కళాకారులు బొమ్మలు వేశారు. అటువైపు ఎన్నడూ రాని నగరవాసులు చూడటానికి వచ్చారు.

ఇదే సంస్థ 2020లో చెన్నై కణ్ణగి నగర్‌లో పని చేసింది. నగరం మధ్య నుంచి ఖాళీ చేయించిన పేదలకు, సునామీ బాధితులకు ఇళ్లు ఇచ్చిన కాలనీ అది. ఆ పేరు చెబితే పని ఇవ్వడానికి కూడా జంకేవారని అక్కడివారి బాధ. బొమ్మలు వచ్చాక ఆ పేరు పత్రికల్లో వేరే విధంగా వచ్చింది. పేరు మారడం చిన్న సంగతి కాదు. కానీ నీళ్లు, డ్రైనేజీ, పని దూరం వంటి ఇబ్బందులను బొమ్మ తీర్చదు. ఆ రెండింటినీ కలిపి చూడాలి.

హైదరాబాదులోనే వేరే పాఠం కూడా ఉంది. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలను, ముప్పైకి పైగా, వరుసగా నిలబెట్టింది. చూసినప్పుడల్లా మన గుండె ఉప్పొంగేది. కానీ అందులో తమ ప్రాంతం వారు తక్కువన్న బాధ తెలంగాణలో ఉండేది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు వాటిలో చాలా విగ్రహాలు కూలిపోయాయి. తరువాత మళ్లీ పెట్టారు. ఎవరిది తప్పు అన్న చర్చ ఇక్కడ మాకు అవసరం లేదు. ఎవరి బొమ్మ పెట్టాలో కొందరే కూర్చుని తేలిస్తే, మిగిలినవారికి ఆ బొమ్మ పరాయిదవుతుంది. ఒకే భాష మాట్లాడేవారి మధ్యే అలా జరిగితే, రెండు మూడు భాషల ఊళ్లో ఎంత జాగ్రత్త పడాలో చెప్పనక్కరలేదు.

మా సొంత అనుభవం

మా తప్పు కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా సంఘం ఒక బడి ప్రహరీ గోడకు బొమ్మలు వేయించింది. శ్రీకృష్ణదేవరాయలు, అన్నమయ్య, వేమన. బాగానే వేశారు. కింద మా సంఘం పేరు పెద్ద అక్షరాలతో రాయించుకున్నాము. ఎదురుగా ఇళ్లున్నవారిని ఒక్కరినీ అడగలేదు. ఆ గోడ పక్కన కూరగాయలు అమ్ముకునే ఆవిడకు కూడా ఒక మాట చెప్పలేదు. రంగు వేసిన రోజున ఆవిడ బుట్ట ఎత్తుకుని వేరే చోటికి పోయింది.

ఏడాది తిరిగేసరికి వేమన మీద ట్యూషన్ పోస్టరు, రాయల మీద ఎన్నికల పోస్టరు అంటించారు. వర్షానికి కింది భాగం పెచ్చులూడింది. మేము బాధపడి ఎదురింటి పెద్దాయనను "మీరైనా ఆపవచ్చు కదా" అని అడిగాము. "అది మీ సంఘం గోడ కదా స్వామీ, మాకెందుకు?" అన్నాడు. ఆయన తెలుగువాడే. మా సంఘంలో సభ్యుడు కూడా.

ఆ మాట మా మినిట్స్ పుస్తకంలో లేదు కానీ, ఈసారి ప్రతిపాదన వచ్చినప్పుడు మాలో అందరికీ మొదట గుర్తొచ్చింది అదే.

అనుమతులు, చట్టం

ఉత్సాహంతో మొదలుపెట్టి కాగితాల దగ్గర ఆగిపోయే పనులు ఎక్కువ. కాబట్టి వరుసగా:

1. కర్ణాటకలో 1981 నాటి బహిరంగ ప్రదేశాల వికార నివారణ చట్టం ఉంది. జనానికి కనబడే చోట అనుమతి లేకుండా రాయడం, అంటించడం, బొమ్మ వేయడం దాని కింద నేరం. మంచి ఉద్దేశమైనా మినహాయింపు ఉందనుకోకూడదు.

2. గోడ ఎవరిదో ముందు తేల్చాలి. ఇంటివారిదైతే వారి రాతపూర్వక సమ్మతి, నగరసభదైతే పౌరాయుక్తుల అనుమతి, రైల్వేదైతే రైల్వే అనుమతి, దేవాదాయ శాఖ గుడిదైతే ఆ శాఖ అనుమతి కావాలి. గోడ పక్కన కరెంటు తీగలుంటే బెస్కాంకు కూడా తెలపాలి.

3. అర్జీ రెండు ప్రతులు తీసుకువెళ్లి, నకలు మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. నోటిమాటగా "చేసుకోండి" అంటే అది అనుమతి కాదు. అన్నవారు బదిలీ అవుతారు, గోడ అక్కడే ఉంటుంది.

4. కళాకారుడి హక్కులు మరవకూడదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, బొమ్మ అమ్మిన తరువాత కూడా తన పేరు ఉంచుకునే హక్కు, దాన్ని పాడుచేస్తే ప్రశ్నించే హక్కు కళాకారుడికి ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తీసేసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. కాబట్టి బొమ్మ ఎంతకాలం ఉంటుంది, గోడ కూల్చవలసి వస్తే ఏం చేయాలి అన్నవి ఒప్పందంలో ముందే రాసుకోవాలి.

పని ఎలా నడవాలి

ఇతర ఊళ్ల అనుభవం చూసి మేము రాసుకున్న క్రమం ఇది.

మొదటి మెట్టు వినడం. కళాకారుడు రాగానే కుంచె తీయకూడదు. కనీసం రెండు వారాలు పేటలో తిరగాలి. మగ్గం దగ్గర కూర్చోవాలి. పడుగు పోసే ఆడవాళ్లతో, జకార్డు అట్టలు కొట్టేవారితో, టీ కొట్టు దగ్గర, బడి దగ్గర మాట్లాడాలి.

రెండోది చూపించడం. అనుకున్న బొమ్మను కాగితం మీద వేసి, గోడ పక్కనే వారం రోజులు అందరికీ కనబడేలా పెట్టాలి. కాదన్నవారి మాట కూడా రాసుకోవాలి.

మూడోది గోడ. కొత్త పూత వేసిన గోడ కనీసం నెల రోజులు ఆరాలి. చెమ్మ ఉన్న గోడకు ఎంత మంచి రంగు వేసినా నిలవదు. గీకి, పగుళ్లు పూడ్చి, ప్రైమర్ కొట్టి, ఆ తరువాత బయటి గోడలకు వాడే ఎమల్షన్ వేయాలి. మా పాత గోడ పెచ్చులూడింది ఈ పని దాటవేసినందుకే. మన వైపు వానలు వెనుకబట్టిన తరువాత, కార్తీకం నుంచి మాఘం వరకు అనుకూలం.

నాలుగోది పిల్లల జాగ్రత్త. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని 2016 నాటి కేంద్ర నిబంధన ఉంది. డబ్బా మీద చూసి కొనాలి. పరిశ్రమలకు వాడే ఎనామిల్ పిల్లల చేతికి ఇవ్వకూడదు. పిల్లలు నేల మీద నిలబడి అందినంత వరకే. పరంజా మీదికి పెద్దవాళ్లే.

ఐదోది కూలి. కళాకారుడికి బస, భోజనం పెట్టి శాలువా కప్పి పంపితే సరిపోదు. రోజుకూలి లెక్క కట్టి, సగం ముందుగా ఇచ్చి, రశీదు తీసుకోవాలి. మన ఊళ్లో ఒకప్పుడు కన్నడ, తెలుగు, ఇంగ్లీషు మూడు లిపుల్లోనూ బోర్డులు రాసినవారు ఉన్నారు. ఫ్లెక్సు వచ్చాక కొందరు ఇళ్లకు సున్నం వేసే పనికి పోయారు. 2018లో హైకోర్టు గట్టిగా చెప్పి బెంగళూరులో ఫ్లెక్సులు తీయించినా, పోయిన పని అంతగా తిరిగి రాలేదు. బయటి కళాకారుడు ఎవరొచ్చినా, అక్షరాలు, హద్దు గీతలు మన ఊరి బోర్డు పెయింటర్ల చేతే చేయించాలని మా అభిప్రాయం.

ఆరోది కాపుదల. ప్రతి పది అడుగుల గోడకు దగ్గరి ఇంటివారిని ఒకరిని బాధ్యులుగా పెట్టాలి. ఏటా ఒకసారి కడిగి, చెదిరినచోట రంగు వేయడానికి మొదటి బడ్జెట్‌లోనే కొంత పక్కన పెట్టాలి.

భాష సంగతి

పెద్దలు లేవనెత్తిన సందేహానికి జవాబు సూటిగా చెప్పుకోవాలి. మనం కన్నడ నాట ఉన్నాం. మనలో చాలామందికి తాతల నాటి నుంచి ఇదే ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, రెండూ కలిసిన మాట మన పిల్లలది. దుకాణాలు, సంస్థల బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలని, అదీ పైభాగంలో ఉండాలని 2024లో సవరించిన రాష్ట్ర చట్టం చెబుతోంది. గోడ చిత్రం దుకాణం బోర్డు కాకపోయినా, దాని మీద అక్షరాలు రాస్తే కన్నడ ముందు, పెద్దగా ఉండాలి. ఇది భయంతో చేసే పని కాదు, ఉన్న ఊరి మర్యాద.

అయితే తెలుగు లేకుండా చేయనక్కరలేదు. మన గోడ మీద రాజులు, కవుల కంటే ముందు మగ్గం ఉండాలని యువకులు అంటున్నారు. ఆ ఆలోచన మాకు నచ్చింది. మరమగ్గం చప్పుడు ఈ ఊళ్లో అందరిదీ. కన్నడ దేవాంగులు నేస్తారు, తెలుగు పద్మశాలీలు నేస్తారు, ముస్లిం సోదరులు నేస్తారు. చీర అంచుకు, బుట్టాకు, పైట కొంగుకు భాష లేదు. ఒక్కొక్క ఇంటివారు తమ పాత పెట్టెలోంచి ఒక్కొక్క అంచు నమూనా తెచ్చి ఇస్తే, గోడ పొడవునా అవే వరుసగా వేయవచ్చు. పక్కన ఆ నమూనా పేరు ఆ ఇంట్లో ఏ భాషలో పిలుస్తారో ఆ మాటనే రాయవచ్చు.

చిక్కులు, పరిమితులు

బొమ్మ అన్నిటికీ మందు కాదు. నూలు ధర, కరెంటు బిల్లు, సూరత్ చీరల పోటీ వంటివి గోడ రంగుతో తీరవు. మగ్గం అమ్ముకోవలసి వచ్చిన ఇంటి ముందు మగ్గం బొమ్మ వేస్తే అది వారికి ఊరట కావచ్చు, ఎగతాళిగా తోచవచ్చు కూడా. వారిని అడగాలి. వద్దంటే మానాలి.

దాతలు దొరికినా వారి కంపెనీ గుర్తు గోడ నిండా ఉండకూడదు. రాజకీయ నాయకుల ఫొటోలు వద్దు. మా సంఘం పేరు కూడా, ఈసారి, మూలన చిన్న అక్షరాలతో చాలు. లేకపోయినా సరే. కూరగాయల ఆవిడ లాంటివారు గోడ పక్కన ఉంటే, వారికి చోటు వదిలి ఆ తరువాతే గీత గీయాలి.

నోటు పుస్తకాల సంగతి కూడా మేము మరవలేదు. ఏటా ఇచ్చే విద్యార్థి సహాయ నిధిలోంచి ఒక్క రూపాయి కూడా దీనికి తీయబోమని కార్యవర్గం తీర్మానించింది. గోడకు కావలసిన డబ్బు వేరే చందాతో వస్తేనే పని, లేకుంటే లేదు.

సభ్యులకు మనవి

సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు మూడు విషయాలు ఆలోచించుకుని రండి. ఆ గోడ వేయించడం మీకు ఇష్టమా? ఇష్టమైతే దాని మీద మీ ఇంటి నుంచి ఏమి ఉండాలి? పని అయ్యాక దాన్ని చూసుకోవడానికి మీరు ఏడాదికి ఒక్క రోజు ఇస్తారా? మూడో దానికి జవాబు చెప్పలేకపోతే మొదటి దానికి చేయి ఎత్తకపోయినా మేము ఏమీ అనుకోము.

గోడకు ఎదురుగా ఇళ్లున్న వారు, సంఘ సభ్యులు కాకపోయినా, ఏ భాష వారైనా, ఆ సమావేశానికి రావచ్చు, మాట్లాడవచ్చు. ఈసారి వారి మాట ముందుగా వింటాము. మా పాత గోడ ఎదురింటి పెద్దాయనకు మొదటి కుర్చీ వేస్తాము.